తమ్ముడి గురించి అడిగారు, ముందు మీ సంగతి మాట్లాడదాం

పేరు వద్దని కోరిన ఒక పాఠకురాలు పెద్ద ఉత్తరం రాశారు. వాళ్లది రెండు తరాలుగా క్రైస్తవ కుటుంబం. దాదాపు ఏడాది క్రితం ఆమె తమ్ముడు ఆత్మహత్య చేసుకున్నాడు. కొన్నేళ్లుగా అతనికి డిప్రెషన్ ఉంది. మందులు వాడేవాడు, మధ్యలో మానేసేవాడు, మళ్లీ మొదలుపెట్టేవాడు. "ఇంకెన్నాళ్లు మాత్రలు మింగుతావు, ఉపవాస ప్రార్థనకి రా" అని తానూ ఒకటి రెండుసార్లు అన్నానని ఈమె రాశారు. అతను పోయిన రోజు ఇంట్లోవాళ్లు సంఘానికి గుండెపోటు అని చెప్పారు. పాస్టర్ గారు "ప్రభువునందు నిద్రించాడు" అని సమాధి కార్యక్రమం గౌరవంగా జరిపించారు. కొన్ని నెలల తర్వాత, అసలు సంగతి తెలియని ఆ పాస్టర్ గారే ప్రసంగంలో, "ఆత్మహత్య చేసుకున్నవాడికి మారుమనస్సు పొందే సమయమే ఉండదు, తన స్వేచ్ఛతో తానే నరకాన్ని ఎంచుకున్నాడు" అన్నారు. ముందు వరసలో కూర్చుని అది విన్న తల్లికి అప్పటి నుంచి సరిగ్గా నిద్ర లేదు. తండ్రి ఈ విషయం ఎత్తనివ్వరు.

ఆమె అడిగినవి ఇవి: నా తమ్ముడు నరకంలో ఉన్నాడా? జబ్బుతో ఉన్నవాడికి స్వేచ్ఛ ఎక్కడిది? ఇలా జరుగుతుందని ముందే తెలిసిన దేవుడు ఆ స్వేచ్ఛ ఎందుకిచ్చాడు? మేం సంఘానికి చెప్పిన అబద్ధాన్ని ఇప్పుడు ఒప్పుకోవాలా? ఉత్తరం చివర, సంతకం ఉండాల్సిన చోటికి కాస్త పైన, ఇంకో మాట ఉంది: "అది క్షమించరాని పాపం కాకపోతే నేనూ వాడి దగ్గరికి వెళ్లిపోవచ్చు కదా అని ఒక్కోసారి అనిపిస్తుంది. అంత ధైర్యం లేదులెండి."

సమాధానం

నేను ఆ చివరి మాటతోనే మొదలుపెడతాను. మీరు "లెండి" అని తేల్చేశారు, నేను అలా తేల్చలేను. ఇంట్లో ఒకరు ఆత్మహత్యతో పోయాక మిగిలినవాళ్లకీ అలాంటి ఆలోచనలు వచ్చే ప్రమాదం మామూలుకంటే ఎక్కువ. అది మీ విశ్వాసంలో లోపం కాదు, ఈ రకం దుఃఖం తెచ్చిపెట్టే ప్రమాదం. అందుకే నేరుగా అడుగుతున్నాను. ఈ ఆలోచన ఎంత తరచుగా వస్తోంది? ఎప్పుడు, ఎలా అన్నదాకా వెళ్లిందా? వెళ్లి ఉంటే ఈ సమాధానం పూర్తిగా చదవడం తర్వాతి పని. ఇంట్లో ఎవరో ఒకరికి, మీ భర్తో స్నేహితురాలో ఎవరైనా సరే, "నాకు చచ్చిపోవాలనిపిస్తోంది, నన్ను ఒంటరిగా ఉంచొద్దు" అని ఈ మాటల్లోనే చెప్పండి. మీరు భారతదేశంలో ఉంటే టెలి మానస్ అనే మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ నంబరు 14416. ప్రభుత్వానిది, ఉచితం, పగలూ రాత్రీ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడొచ్చు. వేరే దేశంలో ఉంటే అక్కడి అత్యవసర నంబరుకి ఫోన్ చేయండి. ఆలోచన అంతదాకా వెళ్లకపోయినా ఈ వారంలో ఒక సైకియాట్రిస్టునో కౌన్సెలర్‌నో కలవండి.

ఇంత గట్టిగా చెప్పడానికి ఇంకో కారణం ఉంది. మీ తమ్ముడి గురించి నేను రాయబోయేది చాలావరకు ఆశ కలిగించేదే. దాన్నే మీరు మీకోసం ఇచ్చిన అనుమతిగా చదువుకునే ప్రమాదం ఉంది. చనిపోయినవాడి గురించి క్రైస్తవ విశ్వాసం చెప్పగలిగేది కృప గురించి. బతికున్న మీతో అది చెప్పేది బతకమనే. ఈ రెండూ ఒకదాన్నొకటి కొట్టేసుకునే మాటలు కావు, చెప్పేది వేర్వేరు మనుషులకి. మీ పాస్టర్ గారు బతికున్నవాళ్లని హెచ్చరించాలని చనిపోయినవాళ్ల మీద తీర్పు చెప్పారు. ఆయన ఉద్దేశం మంచిదే అయ్యుండొచ్చు. దెబ్బ మాత్రం మీ అమ్మగారికి తగిలింది.

ఇక ఆ ప్రసంగంలోని వాదన. మారుమనస్సు పొందే సమయం లేదు కాబట్టి క్షమాపణ లేదు అన్నారు. ఈ లెక్క ఒక్క ఆత్మహత్యతో ఆగదు. నిద్రలో పోయినవాడు, రోడ్డు ప్రమాదంలో క్షణంలో పోయినవాడు, తమ్ముడితో పోట్లాడి మాట్లాడకుండానే కుప్పకూలిపోయినవాడు, వీళ్లలో ఎవరూ చివరి పాపం ఒప్పుకునే వెళ్లారని చెప్పలేం. రక్షణ కృప వల్ల, విశ్వాసం ద్వారా అని బోధించే సంఘం చివరి నిమిషంలో మాత్రం ఖాతా సరిచూస్తానంటే, తను బోధించేదాన్ని తానే కాదన్నట్టు. క్షమాపణ లేని పాపమంటూ యేసు పేరుపెట్టి చెప్పింది ఒక్కటే, మత్తయి 12వ అధ్యాయంలో, పరిశుద్ధాత్మ విషయమైన దూషణ. ఆ చోట ఆత్మహత్య ప్రస్తావనే లేదు.

ఈ విషయంలో తరచుగా ఎత్తే వాక్యాలు రెండున్నాయి, మీరూ వినే ఉంటారు. "దేవుని ఆలయమును పాడుచేసినయెడల దేవుడు వానిని పాడుచేయును" అన్న మొదటి కొరింథీ 3వ అధ్యాయం ఒకటి. ఆ అధ్యాయం మొత్తం చదవండి. నేను పౌలువాడిని, నేను అపొల్లోవాడిని అంటూ బోధకుల పేర్లతో సంఘాన్ని ముక్కలు చేస్తున్నవాళ్లకి రాసింది అది. అక్కడ ఆలయం అంటే సంఘం. రెండోది, నరహంతకుడిలో నిత్యజీవం ఉండదన్న మొదటి యోహాను 3వ అధ్యాయం. అదే వచనం మొదట్లో, సహోదరుణ్ణి ద్వేషించేవాడు నరహంతకుడని ఉంది. ద్వేషం గురించి రాసినదాన్ని, తన మీద తనకే ఆశ చచ్చిపోయిన కుర్రాడికి అంటగట్టడం సరికాదు.

బైబిల్లో తన చేతులతోనే ప్రాణం తీసుకున్నవాళ్లు, లేదా తీయించుకున్నవాళ్లు కొద్దిమందే కనిపిస్తారు. అబీమెలెకు, సౌలు రాజు, అతని ఆయుధాలు మోసేవాడు, అహీతోపెలు, జిమ్రీ, ఇస్కరియోతు యూదా. శత్రువులతో పాటు తానూ చనిపోయిన సమ్సోనుని కలిపితే ఏడుగురు. వీళ్లలో కొందరి జీవితాలని బైబిలు కఠినంగానే విమర్శిస్తుంది. ఆ చివరి పని వల్లే నరకానికి పోయారని మాత్రం ఎవరి గురించీ రాయలేదు. యూదా నాశనం గురించి యేసు అన్న మాటలు అతను చేసిన ద్రోహానికి సంబంధించినవి, అవి అతను చనిపోకముందే అన్నవి. అహీతోపెలుని అతని తండ్రి సమాధిలోనే పాతిపెట్టారని రెండో సమూయేలు 17లో ఉంది. సౌలు కోసం యాబేష్గిలాదు ఊరివాళ్లు ఏడు రోజులు ఉపవాసం ఉన్నారు, దావీదు విలాపగీతమే పాడాడు. సమ్సోను పేరు హెబ్రీ పత్రిక 11లో విశ్వాసవీరుల వరసలో ఉంది. మీ ఇంట్లోవాళ్లు సమాధి దగ్గర నిజం చెప్పి ఉంటే ఏమయ్యేదో నాకు తెలియదు గానీ, దావీదు ఉండి ఉంటే మీతో పాటు ఏడ్చేవాడని ఆ విలాపగీతం చదివితే అనిపిస్తుంది.

మరి అంత కఠినమైన బోధ ఎక్కడి నుంచి వచ్చింది? క్రీస్తు శకం 410లో రోమ్ నగరం శత్రువుల చేతిలో పడింది. సైనికుల చేతిలో అత్యాచారానికి గురైన స్త్రీల గురించి, మానం పోయాక బతకడమెందుకని కొందరు మాట్లాడుతున్న కాలం అది. తొలి శతాబ్దాల క్రైస్తవ పండితుడు అగస్టీను అప్పుడు రాస్తూ, పాపం చేసినవాడిదే, మీది కాదు, మీరు చావనక్కర్లేదు అన్నాడు. నరహత్య చేయకూడదన్న ఆజ్ఞ మన ప్రాణానికీ వర్తిస్తుందని వాదించింది ఆ సందర్భంలోనే. అంటే ఆ వాదన మొదట ఊపిరి పోసుకుంది బాధితుల్ని బతికించుకోవడానికి. తర్వాత్తర్వాత అది చనిపోయినవాళ్ల మీదికి తిరిగింది. ఆరో శతాబ్దంలో బ్రాగాలో (ఇప్పటి పోర్చుగల్) కూడిన చర్చి పెద్దల సభ, ఆత్మహత్య చేసుకున్నవాళ్లకి కీర్తనలతో అంత్యక్రియలు కూడదంది. పదమూడో శతాబ్దంలో క్రైస్తవ తత్వవేత్త థామస్ అక్వినాస్ మూడు కారణాలు చూపించి ఇది ఘోరపాపమన్నాడు: ప్రాణి సహజంగా తనని తాను ప్రేమించుకుంటుంది, మనిషి సమాజంలో ఒక భాగం, ప్రాణం దేవుడిచ్చింది. ఆ మూడూ బలమైన కారణాలే, నేను కాదనను. మిమ్మల్ని బతకమనడానికి నేనూ వాటినే వాడతాను.

స్వేచ్ఛ సంగతి ఇక్కడే వస్తుంది. కాథలిక్ బోధలో ఒక పని ఆత్మని చంపే పాపం కావాలంటే మూడు కలవాలి. విషయం గంభీరమైనదై ఉండాలి, పూర్తి ఎరుక ఉండాలి, పూర్తి ఇష్టంతో చేసి ఉండాలి. 1992లో వచ్చిన కాథలిక్ సత్యోపదేశం (ఆ చర్చి అధికారిక బోధల పుస్తకం) ఆత్మహత్యని తప్పని స్పష్టంగా చెబుతూనే, తీవ్రమైన మానసిక వ్యాధి, వేదన, భయం ఆ మనిషి బాధ్యతని తగ్గించగలవంటుంది. అలా పోయినవాళ్ల నిత్యరక్షణ గురించి ఆశ వదులుకోకూడదనీ, దేవుడు తనకే తెలిసిన మార్గాల్లో వాళ్లకి మారుమనస్సు అవకాశం ఇవ్వగలడనీ, సంఘం వాళ్లకోసం ప్రార్థిస్తుందనీ రాసింది. 1917 నాటి చర్చి చట్టంలో తెలిసి ఆత్మహత్య చేసుకున్నవాళ్లకి చర్చి సమాధి నిరాకరించే నియమం ఉండేది. 1983లో కొత్త చట్టం వచ్చినప్పుడు ఆ జాబితాలో వాళ్ల ప్రస్తావన లేకుండా పోయింది.

మీరు ప్రొటెస్టంట్ సంఘంలో ఉన్నట్టు ఉత్తరాన్ని బట్టి అనిపిస్తోంది, కాబట్టి ఆ ఉద్యమానికి ఆద్యుడైన మార్టిన్ లూథర్ మాట చెప్పాలి. మనిషి చిత్తం స్వేచ్ఛగా లేదు, బందీగా ఉందని 1525లో పెద్ద పుస్తకమే రాసినవాడు ఆయన. ఆత్మహత్య చేసుకున్నవాళ్లు తప్పకుండా నశించారనే అభిప్రాయం తనకి లేదని ఆయన ఒకసారి భోజనాల దగ్గర అన్నాడు. వాళ్లు ఇష్టపడి చేయలేదనీ, అడవిలో దొంగ చేతిలో హతమైన మనిషిలాంటివాళ్లనీ ఆయన ఉద్దేశం. అయితే ఈ మాట జనానికి బోధించకూడదని కూడా అక్కడే అన్నాడు. ఎందుకో మీ చివరి వాక్యం చదివాక నాకు బాగా అర్థమైంది. అయినా నేను దాచడం లేదు. దాచితే మీ అమ్మగారి నిద్ర ఎప్పటికీ తిరిగి రాదు.

ఇంకో వైపు వాదన కూడా మీకు తెలియాలి. రక్షణ పొందినవాడు దాన్ని పోగొట్టుకోవచ్చని నమ్మే సంఘాలు చాలా ఉన్నాయి. మీ పాస్టర్ గారిది ఆ నమ్మకమైతే ఆయన నా మాటకి ఒప్పుకోరు. కానీ ఆ నమ్మకం ప్రకారం కూడా మనిషి దేవుణ్ణి తెలిసి, కావాలని తిరస్కరించాలి. మీ తమ్ముడు తిరస్కరించింది దేవుణ్ణా, భరించలేని బాధనా? డిప్రెషన్ ముదిరినప్పుడు మనిషికి దారులు ఒక్కొక్కటిగా మూసుకుపోతాయి. నేను లేకపోతే ఇంట్లోవాళ్లకే సుఖం అన్నది కూడా ఆ క్షణంలో నిజంలా కనిపిస్తుంది. అతనికి స్వేచ్ఛ అసలు లేదని నేను చెప్పను, పూర్తిగా ఉందనీ చెప్పను. ఎంత ఉందో కొలవగలిగినవాడు ఒక్కడే. "మనము మంటివారమని ఆయన జ్ఞాపకము చేసికొనుచున్నాడు" అన్నాడు కీర్తనకారుడు. "సర్వలోకమునకు తీర్పు తీర్చువాడు న్యాయము చేయడా" అని అబ్రాహాము దేవుణ్ణే నిలదీశాడు. కాబట్టి మీ తమ్ముడు నరకంలో ఉన్నాడా అన్నదానికి నా జవాబు: ఉన్నాడని చెప్పే అధికారం ఏ పాస్టరుకీ లేదు, మరణమైనా జీవమైనా క్రీస్తు ప్రేమ నుంచి మనల్ని ఎడబాపలేదన్న రోమా 8వ అధ్యాయం మీద ఆనుకునే హక్కు మీ అమ్మగారికి ఉంది.

ముందే తెలిసిన దేవుడు ఎందుకు ఆపలేదన్న ప్రశ్నకి నా దగ్గర జవాబు లేదు. ముందుగా తెలియడం వేరు, చేయించడం వేరు అని చెప్పేవాళ్లున్నారు. తర్కానికి అది సరిపోవచ్చు, తమ్ముణ్ణి పోగొట్టుకున్న అక్కకి సరిపోదు. ఒకటి మాత్రం గమనించండి. అన్నీ పోగొట్టుకున్న యోబు తను పుట్టిన దినాన్ని శపించాడు, దేవుణ్ణి గట్టిగా నిలదీశాడు. అతని స్నేహితులు దేవుడి తరఫున చక్కటి వాదనలు వినిపించారు. చివరికి దేవుడి కోపం ఆ స్నేహితుల మీద రగిలింది, యోబు మాట్లాడిందే యుక్తమని చెప్పాడు. మీరు కోప్పడండి. అది కూడా ప్రార్థనే.

మాత్రల గురించి. మీ ఉత్తరంలో ఒక విచిత్రం ఉంది. తమ్ముడి దగ్గరికి వచ్చేసరికి జబ్బు మనిషికి స్వేచ్ఛ ఎక్కడిది అంటున్నారు. మీ దగ్గరికి వచ్చేసరికి మాత్రం అన్నీ తెలిసి, అన్నీ చేతిలో ఉండి, తప్పు చేసినదానిలా మాట్లాడుతున్నారు. ఆ మాట అనకుండా ఉండాల్సింది, నిజమే. ప్రార్థనని మందుకి పోటీగా నిలబెట్టడం తప్పే, సంఘాల్లో అది వినీ వినీ మన నోటికి వచ్చేస్తుంది. చావు కోరుకున్న ఏలీయా ప్రవక్తకి దేవుడు మొదట వాక్యం చెప్పలేదు. పడుకోనిచ్చాడు, రొట్టె, నీళ్లు పంపాడు, మళ్లీ పడుకోనిచ్చాడు, "నీ శక్తికి మించిన ప్రయాణము నీకు సిద్ధమై యున్నది" అని దూతతో చెప్పించాడు. శరీరానికి కావలసింది ముందు ఇచ్చాడు. కానీ మీ తమ్ముడు మీ మాటకి ముందూ మందులు మానేవాడని మీరే రాశారు. ఒక మనిషి ఇలా పోవడానికి ఎన్నో పాయలు కలుస్తాయి. అన్నీ మీ ఒక్క మాట చుట్టూ తిప్పుకోకండి. దేవుడి ముందు ఒప్పుకోవాలనిపిస్తే ఆ మాట వరకే ఒప్పుకోండి, చావుని మీ ఖాతాలో వేసుకోవద్దు.

ఇక గుండెపోటు సంగతి. ఆ రోజు మీ ఇంట్లోవాళ్లు చెప్పింది అబద్ధమే. అయితే కొడుకు శవం ఇంట్లో ఉండగా చెప్పిన మాట అది, దాన్ని సంఘాన్ని మోసం చేయడంగా నేను చూడలేను. ఇప్పుడేం చేయాలన్నది మీ ఇంటి నిర్ణయం. అలాగే వదిలేయొచ్చు. మీ తమ్ముడు ఎలా పోయాడో తెలుసుకునే హక్కు ఊరందరికీ లేదు. కాకపోతే ఆ ప్రసంగం మళ్లీ వస్తుంది, మీ అమ్మగారు మళ్లీ వింటారు, ఆమెని ఓదార్చాల్సినవాళ్లకి ఏం ఓదార్చాలో తెలియదు. దాచడం వల్ల జరిగే పెద్ద నష్టం ఇదే.

పాస్టర్ గారికి ఒక్కరికే చెప్పొచ్చు. నిజం తెలిస్తే చాలామంది బోధకులు తగ్గుతారు, ఒక ముఖం కళ్లముందు ఉన్నప్పుడు అంత తేలిగ్గా నరకం అనలేరు. కొందరు తగ్గరు. ఇంకొందరు చెడ్డవాళ్లు కాకపోయినా, ప్రార్థన విన్నపం పేరుతో మైకులో బయటపెట్టేస్తారు. అందుకని ముందు ఆయన్ని విడిగా కలిసి, "మన సంఘంలోనే ఒక తల్లికి ఇలా జరిగితే మీరు ఆమెతో ఏం చెబుతారు?" అని అడిగి చూడండి. ఆ జవాబు వినే మనసు ఉందో లేదో మీకు తెలిసిపోతుంది. లేదనిపిస్తే ఆయన భార్యకో, మీరు నమ్మే ఒక పెద్దావిడకో చెప్పండి. కొంతకాలం వేరే సంఘానికి వెళ్లడం కూడా తప్పు కాదు. దానివల్ల పాత పరిచయాలు పలచబడతాయి, నాన్నగారు ఒప్పుకోకపోవచ్చు, అది మీరు తూచుకోవాలి. నన్ను అడిగితే, ముందు మీ ముగ్గురూ ఒకే గదిలో కూర్చుని ఆ పేరు పైకి అనగలగాలి. నాన్నగారు సిద్ధంగా లేకపోతే మీరూ అమ్మగారూ ఇద్దరే మొదలుపెట్టండి. ఆయనకి తెలియకుండా సంఘానికి చెప్పడం మాత్రం వద్దు, ఆయన దుఃఖం మౌనంగా ఉంది గానీ తక్కువేం కాదు.

మీ అమ్మగారికి నేను పైన రాసినవన్నీ వినిపించనక్కర్లేదు. అహీతోపెలు, రోమా 8, ఈ రెండు చోట్లు కలిసి చదవండి చాలు. ఆ తర్వాత, నేను మిమ్మల్ని అడిగినట్టే, మీరు ఆమెని నేరుగా అడగండి: "అమ్మా, నీకు కూడా చచ్చిపోవాలనిపిస్తోందా?" అడిగితే లేని ఆలోచన పుడుతుందని చాలామంది భయపడతారు, అలా పుట్టదు. ఉన్న ఆలోచన బయటికి వస్తుంది. అవునంటే డాక్టరు దగ్గరికి ఇద్దరూ కలిసే వెళ్లండి. నిద్ర లేకపోవడం ఒక్కటే అయినా వెళ్లాల్సిందే. డాక్టరు మాత్రలు రాస్తే, వాటిని ఎన్నాళ్లు వాడాలో కూడా ఆయన్నే అడగండి.